పోర్షన్లు మాయమవుతున్న నగరంలో మధ్యతరగతి మనిషి అద్దెకు ఎక్కడ ఉండాలి?

విద్యానగర్ వాసి

సభ్యులందరికీ నమస్కారం. పదకొండేళ్లుగా నేను హైదరాబాద్ విద్యానగర్‌లో ఒక పోర్షన్‌లో అద్దెకు ఉంటున్నాను. రెండు గదులు, వంటగది, వెనక వైపు స్నానాల గది, డాబా మీద బట్టలు ఆరేసుకోవడానికి కొంత చోటు ఉన్నాయి. అద్దె రూ. 9,500. నీళ్లకు విడిగా ఏమీ తీసుకోరు, కరెంటుకు సబ్‌మీటరు ఉంది. ఉగాది లోపల ఖాళీ చేయాలని, ఇంటిని డెవలప్‌మెంట్‌కు, అంటే పడగొట్టి కొత్త భవనం కట్టడానికి బిల్డరుకు, ఇచ్చేశామని యజమాని గారి అబ్బాయి కిందటి నెలలో వచ్చి చెప్పారు. ఆయన చాలా మర్యాదగానే చెప్పారు, ఆరు నెలల గడువు కూడా ఇచ్చారు కాబట్టి ఆయన మీద నాకు ఎలాంటి ఫిర్యాదూ లేదు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం నల్లకుంట, రాంనగర్, బాగ్‌లింగంపల్లి, అంబర్‌పేట వీధుల్లో ఇల్లు వెతుకుతున్నాను. టూ-లెట్ బోర్డులకు కొరత లేదు గానీ, వాటిలో సగం హాస్టళ్లవి, మిగతా సగం కొత్త అపార్టుమెంట్లలోని డబుల్ బెడ్‌రూం ఫ్లాట్లవి. ఫ్లాటుకు రూ. 18,000 నుంచి రూ. 22,000 దాకా చెబుతున్నారు, దాని మీద మెయింటెనెన్సు రెండు వేల పైమాటే. మందుల పంపిణీ సంస్థలో లెక్కలు రాసే నాకు చేతికి వచ్చే జీతం రూ. 41,000. పిల్లలిద్దరి బడి, మా అమ్మను నెలనెలా చూపించే ఆసుపత్రి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నాయి.

నేను అడగదలచింది అద్దెలు పెరిగాయన్న సంగతి ఒక్కటే కాదు. నా బోటివాళ్లు ఇన్నేళ్లూ తలదాచుకున్న ‘పోర్షన్’ అనే ఇంటి రకమే ఊళ్లో లేకుండా పోతోంది. మా వీధిలో నేను దిగినప్పుడు పోర్షన్లు ఉన్న ఇళ్లు పద్నాలుగు, ఇప్పుడు మిగిలినవి మూడు. మీ వైపు ఎలా ఉందో, దీనికి దారి ఏమిటో దయచేసి చెప్పండి.

మియాపూర్ ప్రయాణికురాలు

మీరు చెప్పిన పరిస్థితి నుంచి నేను మూడేళ్ల కిందటే బయటికి నెట్టబడ్డాను. కేపీహెచ్‌బీ కాలనీలో తక్కువ ఆదాయ వర్గాల కోసం హౌసింగ్ బోర్డు కట్టిన పాత ఎల్ఐజీ ఇల్లొకటి ఉండేది, దాని మీద యజమానులు వేసుకున్న మొదటి అంతస్తులో మేము తొమ్మిదేళ్లు ఉన్నాం. ఇప్పుడు ఆ చోట ఐదంతస్తుల మహిళల హాస్టలు ఉంది. ఇందులో యజమానికి కనిపించే లెక్క చాలా సులువైనది. మేము ముగ్గురం ఉన్న అంతస్తులో పన్నెండు మంచాలు వేసి, మంచానికి రూ. 7,000 తీసుకుంటే నెలకు రూ. 84,000 వస్తుంది. భోజనం, పనివాళ్ల ఖర్చులు పోను మిగిలేది కూడా మేమిచ్చిన అద్దెకు ఎంతో పైన ఉంటుంది. ఆ హాస్టల్లో ఉండే అమ్మాయిలను నేను తప్పుపట్టను, వాళ్లకూ ఊళ్లో ఒంటరిగా ఇల్లు ఇచ్చేవారు లేకనే అక్కడ ఉంటున్నారు.

ఇప్పుడు మేము మియాపూర్ దాటి ఇంకా లోపలికి వెళ్లిపోయాం, నా ఉద్యోగం మాత్రం సికింద్రాబాద్‌లోని ఒక ల్యాబులోనే ఉంది. అద్దెలో రూ. 5,000 మిగిలినట్టు కాగితం మీద కనిపిస్తుంది. కానీ ఇంటి నుంచి మెట్రో స్టేషను దాకా షేర్ ఆటో, అక్కడి నుంచి మెట్రో, మళ్లీ ఆటో కలిపితే రోజుకు నూట అరవై రూపాయలు, మూడు గంటల సమయం పోతున్నాయి. ఎంఎంటీఎస్ టికెట్టు ఎంతో చవక, కానీ నా డ్యూటీ వేళకు రైలు లేదు. మా అబ్బాయి సాయంత్రం నాలుగింటి నుంచి ఎనిమిదింటి వరకు తాళం వేసిన ఇంట్లో ఒంటరిగా ఉంటాడు. పాత పోర్షన్‌లో అయితే కింద యజమాని గారి భార్య వాడికి అన్నం పెట్టేవారు. పోయింది నాలుగు గోడలు మాత్రమే కాదని ఇలాంటప్పుడే నాకు అర్థమవుతుంది.

రామంతాపూర్ గృహస్థు

యజమాని వైపు మాట కూడా ఒకరు చెప్పాలి కాబట్టి రాస్తున్నాను. ప్రభుత్వ రంగ సంస్థలో పనిచేసి రిటైరయ్యాను. 1989లో ఆఫీసు లోను తీసుకుని 200 గజాల్లో ఇల్లు కట్టుకున్నాను, పదేళ్ల తరవాత పైన రెండు పోర్షన్లు వేశాను. ఆ రోజుల్లో మాలాంటి ప్రతి ఉద్యోగి ఆలోచనా అదే. కింద మనం ఉంటాం, పై అద్దె లోను వాయిదాకు సరిపోతుంది, లోను తీరాక అదే పెన్షనుకు తోడవుతుంది. ఈ నగరంలో మధ్యతరగతికి అద్దె ఇళ్లు సమకూర్చింది ప్రభుత్వమూ కాదు, బిల్డర్లూ కాదు. అప్పు చేసి మేడ వేసిన గుమాస్తాలు, టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు సమకూర్చారు.

ఇప్పుడు లెక్క తిరగబడింది. మా వీధిలో గజం లక్ష రూపాయలు పలుకుతోంది, అంటే నా స్థలం విలువే రెండు కోట్లు. రెండు పోర్షన్ల మీద నాకు వచ్చేది నెలకు రూ. 20,000, ఏడాదికి రూ. 2,40,000. స్థలం విలువలో అది ఒకటింబావు శాతం కూడా కాదు. డాబా కారుతోంది, పాత ఇనుప పైపులు మార్చాలి, బోరు ఎండిపోయి వేసవిలో ట్యాంకర్లు తెప్పిస్తున్నాను. ఇద్దరు పిల్లలూ వేరే ఊళ్లలో ఉన్నారు, నా తరవాత ఈ ఇంటిని వాళ్లు ఎలా పంచుకుంటారు? బిల్డరుకు ఇస్తే చెరొక ఫ్లాటు వస్తుంది, పంపకం తేలిక. ఇంకో మాట కూడా దాచకుండా చెబుతాను. పదిహేనేళ్ల కిందట ఒకాయన పద్నాలుగు నెలలు అద్దె కట్టకుండా, ఖాళీ చేయకుండా ఉండిపోయారు. కోర్టుకు వెళ్లే ఓపిక లేక, నేనే ఎదురు డబ్బిచ్చి పంపించాను. అప్పటి నుంచి మా ఆవిడ కొత్తవారికి ఇల్లు చూపించాలంటేనే భయపడుతుంది.

మా ఇంటిని అడుగుతూ ఇద్దరు బిల్డర్లు తిరుగుతున్నారు, ఇంకా సంతకం పెట్టలేదు.

వకీలు, వరంగల్

గృహస్థు గారి భయం, విద్యానగర్ వాసి గారి నిస్సహాయత రెండూ ఒకే చట్టం చుట్టూ తిరుగుతున్నాయి కాబట్టి కొంచెం విపులంగా రాస్తాను.

తెలంగాణలో ఇప్పటికీ ఉన్నది 1960 నాటి భవనాల లీజు, అద్దె, ఖాళీ చేయించే నియంత్రణ చట్టమే. ఇళ్ల కొరత తీవ్రంగా ఉన్న కాలంలో పుట్టిన చట్టం అది. ఇల్లు ఖాళీ అయితే యజమాని అధికారికి తెలియజేయాలని, ప్రభుత్వ ఉద్యోగి అవసరం కోసం ఆ ఇంటిని తీసుకునే అధికారం ప్రభుత్వానికి ఉంటుందని మూడో సెక్షనులోనే రాసి ఉంది. న్యాయమైన అద్దెను అద్దె నియంత్రణాధికారి నిర్ణయించవచ్చు. అద్దె ఎగవేత, యజమాని సొంత అవసరం వంటి నిర్దిష్ట కారణాలు రుజువైతే తప్ప ఖాళీ చేయించడానికి వీల్లేదు. 1957 ఆగస్టు తరవాత కట్టిన భవనాలకు చట్టంలో మొదట ఇచ్చిన మినహాయింపును సుప్రీంకోర్టు 1983లో కొట్టివేసింది. ఆ వెంటనే ప్రభుత్వం కొత్త కట్టడాలకు పదేళ్ల మినహాయింపును, ఒక పరిమితికి మించిన అద్దెలకు మరో మినహాయింపును తెచ్చింది.

ఆ రెండో మినహాయింపులోనే మధ్యతరగతి జారిపోయింది. 2005 సవరణ ప్రకారం నగరపాలక సంస్థల పరిధిలో నెలకు రూ. 3,500 మించిన అద్దెకు ఈ చట్టం వర్తించదు. ఈ రోజు హైదరాబాద్‌లో రూ. 3,500కు ఒక కుటుంబం ఉండదగిన ఇల్లు దొరుకుతుందా? కాబట్టి ఎవరూ రద్దు చేయకుండానే, ఎవరూ చర్చించకుండానే, అద్దెదారుల రక్షణ చట్టం దాదాపు అద్దెదారులందరినీ వదిలేసింది. మిగిలింది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. రాతపూర్వకమైన వేరే ఒప్పందం లేకపోతే, నెలవారీ అద్దెదారును పదిహేను రోజుల నోటీసుతో ఖాళీ చేయమని అడగవచ్చు. రిజిస్ట్రేషన్ తప్పించుకోవడానికి అందరూ పదకొండు నెలల కాగితం రాసుకుంటారు. పదకొండేళ్లు ఉన్న మనిషి కూడా చట్టం దృష్టిలో ఎప్పటికప్పుడు పదకొండు నెలల మనిషే.

అలాగని పాత పద్ధతిలో అద్దెలను గడ్డకట్టించమని నేను అనను. బొంబాయిలో 1947 చట్టం అద్దెలను 1940 నాటి స్థాయికి కట్టేసింది. మరమ్మతు చేస్తే యజమానికి తిరిగి వచ్చేదేమీ లేక, ఆ భవనాలు దశాబ్దాల పాటు శిథిలమయ్యాయి. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం మరో దారి పట్టింది. అద్దెను ఇరుపక్షాలే నిర్ణయించుకుంటాయి. నివాస గృహానికి డిపాజిట్టు రెండు నెలల అద్దెకు మించకూడదు, అద్దె పెంచాలంటే మూడు నెలల ముందు రాతపూర్వకంగా తెలపాలి. గడువు దాటినా ఖాళీ చేయని వారు మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆ తరవాత నాలుగు రెట్లు చెల్లించాలి. వివాదాలకు ప్రత్యేకంగా అద్దె ప్రాధికార సంస్థ, అద్దె కోర్టు, ట్రైబ్యునలు ఉంటాయి. గృహస్థు గారి వంటి వారి భయాన్ని ఇది కొంత తీరుస్తుంది. కానీ విద్యానగర్ వాసి గారికి రూ. 9,500 ఇంటిని ఈ చట్టం కూడా సృష్టించి ఇవ్వదు.

కృష్ణలంక

మా విజయవాడలో పోర్షన్ అనరు, ‘వాటా’ అంటారు. రెండు వాటాల ఇల్లు, మూడు వాటాల ఇల్లు అనే మాట వినని కుటుంబం మా ఊళ్లో ఉండదు. ఆ వాటాలకు మా దగ్గర ముప్పు వచ్చింది రాజధానితో. 2015, 2016 సంవత్సరాల్లో హైదరాబాద్ నుంచి కార్యాలయాలు తరలివచ్చినప్పుడు అద్దెలు ఒక్కసారిగా ఎగిశాయి. తరలివచ్చిన ఉద్యోగులకు 30 శాతం ఇంటి అద్దె భత్యం ఇచ్చారు. అది వారికి న్యాయమే, పిల్లల చదువులు వదిలి వచ్చినవారు వారు. కానీ బీసెంట్ రోడ్డు బట్టల కొట్లో గుమాస్తాకు ఆ భత్యం లేదు. ఇద్దరూ ఒకే వాటా కోసం వెతికినప్పుడు ఎవరికి దొరుకుతుందో చెప్పనక్కరలేదు. మా మేనమామ పటమటలో పద్దెనిమిదేళ్లు ఉన్న వాటా వదిలి కంకిపాడు వెళ్లిపోయారు.

వకీలు గారూ, మా రాష్ట్రం 1960 చట్టం స్థానంలో 2017లోనే కొత్త అద్దె చట్టం చేసుకుంది. అయినా మా వీధిలో ఇప్పటికీ ఇల్లు నోటి మాట మీదే చేతులు మారుతోంది. చట్టం పుస్తకంలో ఉండటం వేరు, వాటా అద్దెకిచ్చే విధవరాలికి ఆ కార్యాలయం ఎక్కడుందో తెలియడం వేరు.

ఈఎంఐ దారి

అద్దె కట్టే డబ్బుతో ఊరి చివర ఒక చిన్న ఫ్లాటు కొనుక్కుంటే ఈ బాధ శాశ్వతంగా తీరుతుందని నా అభిప్రాయం. మేమూ అలాగే కష్టపడి కొనుక్కున్నాం.

విద్యానగర్ వాసి

ఈఎంఐ దారి గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు. ఆ లెక్క నేను చాలాసార్లు వేసి చూశాను. రూ. 45 లక్షల ఫ్లాటు అనుకుందాం. ఐదో వంతు, అంటే రూ. 9 లక్షలు ముందు నేను పెట్టాలి, రిజిస్ట్రేషన్ ఖర్చు అదనం. మిగతా రూ. 36 లక్షలకు ఎనిమిదిన్నర శాతం వడ్డీతో ఇరవై ఏళ్ల లోను తీసుకుంటే నెల వాయిదా రూ. 31,000 దాటుతుంది. రూ. 41,000 జీతం మీద ఏ బ్యాంకూ ఆ లోను ఇవ్వదు, ఇచ్చినా మిగిలిన పది వేలతో ఐదుగురు బతకలేరు. సొంతిల్లు కొనగలిగిన వారు కొనుక్కోవాలి, అందులో వాదం లేదు. కొనలేని వారు కూడా ఊళ్లో పనిచేస్తూనే ఉంటారు కదా, వాళ్లు రాత్రి ఎక్కడ పడుకోవాలన్నదే నా ప్రశ్న.

నగర నకాశా

నేను పట్టణ ప్రణాళిక చదివాను, కొన్నాళ్లు భవనాల అనుమతుల పని దగ్గరగా చూశాను. పోర్షన్ ఎందుకు పోతోందో కట్టడం వైపు నుంచి చెబుతాను.

పాత ఇంట్లో నేల అంతస్తు మనుషులది. కొత్త భవనంలో అది స్టిల్ట్, అంటే వాహనాలది. అన్నిటికంటే చవకైన వెనక వైపు గది, మెట్ల కింద వంటగది, పక్క సందులో విడి గుమ్మం ఉన్న ఒంటరి గది ఇవన్నీ ఆ ఒక్క మార్పుతో పోయాయి. పార్కింగ్ అవసరమే, కానీ స్కూటరు కూడా లేని కుటుంబం ఉండే చోటును కారు ఆక్రమించిందన్న సంగతి లెక్కలో కనిపించదు. ఆ తరవాత లిఫ్టు, జనరేటరు, వాచ్‌మన్, వీటన్నిటికీ మెయింటెనెన్సు. బిల్డరు అమ్మకం కోసం కడతాడు కాబట్టి పదకొండు వందల చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూం కడతాడు, నాలుగు వందల యాభై అడుగుల ఇల్లు కట్టడు. నాలుగు పోర్షన్లున్న పాత ఇల్లు పోయి ఎనిమిది ఫ్లాట్లు వస్తే ఇళ్ల సంఖ్య పెరిగినట్టే రికార్డులో ఉంటుంది, విద్యానగర్ వాసి గారు దిగగలిగినవి మాత్రం నాలుగు నుంచి సున్నాకు వస్తాయి.

ప్రభుత్వాలకు ఇది తెలియని విషయం కాదు, ఒకప్పుడు చేసిన పనే. 1908 మూసీ వరదల తరవాత 1912లో నిజాం ప్రభుత్వం నగరాభివృద్ధి సంస్థను పెట్టింది, ఇరుకు బస్తీలను తొలగించి కొత్త ఇళ్లు కట్టించింది. 1960లో అది ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డులో కలిసింది. బోర్డు క్రమంగా అమ్మకానికి మళ్లింది. మరోవైపు బీహెచ్ఈఎల్, ఐడీపీఎల్ వంటి ప్రభుత్వ రంగ సంస్థలు తమ ఉద్యోగులకు క్వార్టర్లు కట్టాయి, అవి ఉన్నంతకాలం అంతమంది బయటి అద్దె ఇళ్ల కోసం పోటీ పడలేదు. ఆ తరవాత వచ్చిన కంపెనీలు క్వార్టర్లు కట్టలేదు.

రాయితీలన్నీ కొనేవారి చుట్టూనే అల్లుకున్నాయి. చిన్న ఫ్లాటు కొంటే జీఎస్టీ ఒక శాతమే, ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో వడ్డీ రాయితీ ఉంది. అద్దెకుండే ఉద్యోగికి ఉన్న ముఖ్యమైన ఊరట హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు. కొత్త ఆదాయపు పన్ను విధానంలో అదీ లేదు, పాత విధానంలో కూడా ఏడాది అద్దె లక్ష దాటితే యజమాని పాన్ నంబరు ఇవ్వాలి, చాలామంది యజమానులు ఇవ్వరు. 2020లో వలస కార్మికుల కోసం సరసమైన అద్దె గృహ సముదాయాల పథకం ప్రకటించారు, 2024లో మొదలైన ఆవాస్ యోజన రెండో దశలో కూడా అద్దె ఇళ్లకు ఒక విభాగం పెట్టారు. ఆ దిశ సరైనదే. కానీ పోర్షన్ అద్దెకిచ్చే చిన్న యజమానిని నిలబెట్టే పథకం ఒక్కటీ నాకు కనబడలేదు. 2011 జనాభా లెక్కల్లో దేశంలోని పట్టణాల్లో ఖాళీగా ఉన్న ఇళ్లు దాదాపు కోటీ పదకొండు లక్షలు. ఇల్లు లేక వెతికేవారు, తాళం వేసిన ఇళ్లు రెండూ ఒకే ఊళ్లో ఉన్నాయి.

యాఖుత్‌పురా ఉపాధ్యాయుడు

ఇప్పటిదాకా ఎవరూ తీయని ఒక సంగతి ఉంది. మిగిలిన ఆ కొద్ది పోర్షన్లు కూడా అందరికీ తెరిచి లేవు. నేను తెలుగు బోధించే ఉపాధ్యాయుణ్ణి, మా పాఠశాల మల్కాజిగిరి వైపు ఉంది. బడి దగ్గర ఇల్లు కోసం రెండు వేసవి సెలవులు తిరిగాను. ఫోనులో నా తెలుగు విని రమ్మన్నవారు, పేరు చెప్పగానే ఇల్లు నిన్ననే ఇచ్చేశామన్నారు. మరికొన్ని గుమ్మాల మీద ‘శాకాహారులకు మాత్రమే’ అని ముందే రాసి ఉంది. నా సహోద్యోగి, దళితుడు, ఇంకో రకంగా ఇదే అనుభవించారు. ఆయనను అడిగిన మొదటి ప్రశ్న అద్దె గురించి కాదు, “మీరేమిట్లు?” అని. ఇళ్లు ఎక్కువగా ఉన్న రోజుల్లో పది మంది కాదంటే పదకొండో గుమ్మం తెరుచుకునేది. ఇప్పుడు పదకొండో గుమ్మమే లేదు. కొరత అందరినీ కొడుతుంది, కొందరిని రెండుసార్లు కొడుతుంది.

మారతహళ్లి తెలుగు

బెంగళూరులో పదిహేనేళ్లుగా ఉన్నాను. ఇక్కడ పది నెలల అద్దె అడ్వాన్సుగా అడగడం చాలాకాలం మామూలు సంగతి. ఆ మొత్తం కోసం నేను ఊళ్లో మా నాన్న గారి పొలం కాగితాలు తాకట్టు పెట్టాను. హైదరాబాద్‌లో ఇప్పటికీ రెండు నెలలతో ఇల్లు దొరుకుతోంది. ఆ ఆనవాయితీ చెడకముందే దానిని చట్టంలో రాయించుకోవడం మంచిది.

రామంతాపూర్ గృహస్థు

ఇక్కడి మాటలు చదివాక నేను, మా ఆవిడ రెండు రాత్రులు మాట్లాడుకున్నాం. ఉపాధ్యాయుడు గారు రాసింది చదివి ఆమె చాలాసేపు మౌనంగా ఉంది. మేమూ గతంలో పేరు అడిగే ఇల్లు ఇచ్చాం, ఆ మాట ఒప్పుకోవాలి.

ఇల్లు పడగొట్టక తప్పదు, డాబా ఇంకో రెండు వానాకాలాలు తట్టుకోదు. అయితే బిల్డరుతో మరోసారి కూర్చున్నాను. మా భాగానికి వచ్చే రెండు అంతస్తుల్లో ఒకదాన్ని ఒకే పెద్ద ఫ్లాటుగా కాకుండా, విడి గుమ్మాలతో మూడు చిన్న ఇళ్లుగా విడదీసి కట్టమని అడిగాను. అమ్మేటప్పుడు ధర రాదని ఆయన మొదట వద్దన్నాడు. అమ్మను, అద్దెకిస్తానని చెప్పాను. మూడు వంటగదులకు, మూడు మీటర్లకు అయ్యే అదనపు ఖర్చు మేమే పెట్టుకోవాలన్న షరతు మీద ఒప్పుకున్నాడు. ప్లాను ఇంకా గీయిస్తున్నారు, అనుమతి రావాలి. నకాశా గారూ, ఆ ప్లాను కాగితాలు మీకు పంపితే ఒకసారి చూసి పెట్టగలరా?

నగర నకాశా

తప్పకుండా చూస్తాను, పంపండి. మూడు ఇళ్లకూ వెలుతురు, గాలి వచ్చేలా సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ వదిలే ఖాళీ స్థలం) వైపు కిటికీలు ఎక్కడ పెడుతున్నారో ముందు గుర్తు పెట్టించండి. చిన్న ఇళ్లలో తేడా వచ్చేది అక్కడే.

విద్యానగర్ వాసి

గృహస్థు గారూ, మీ ఇల్లు తయారయ్యే సరికి రెండేళ్లు పడుతుంది, నాకు ఉగాది వరకే గడువు ఉంది. ప్రస్తుతానికి ఉప్పల్ దాటి పీర్జాదిగూడలో రూ. 11,500కు ఒక రెండు గదుల ఇల్లు మాట్లాడాను. పిల్లల బడి ఈ విద్యా సంవత్సరం మార్చడం లేదు, పొద్దున్నే బస్సులో నేనే తీసుకువస్తాను. అయినా మీ మూడు ఇళ్లలో ఒకదానికి నా పేరు ఇప్పుడే రాసుకోమని అడుగుతున్నాను. వీలైతే బస్టాపుకు దగ్గర గుమ్మం ఉన్నది. మా అమ్మ ఎక్కువ దూరం నడవలేదు.